హార్మోనియం మీద టేపురికార్డరు

మా మేనమామకు డెబ్బై దాటింది. బద్వేలులోనే పుట్టి పెరిగి, ముప్పై ఏళ్ళ పాటు ఈ చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడు. పోరుమామిళ్ళ, కలసపాడు, అట్లూరు, గోపవరం, బ్రహ్మంగారి మఠం, ఎక్కడ తిరునాళ్ళకు నాటకం కుదిరినా పెట్టె భుజానికెత్తుకుని బస్సెక్కిన మనిషి. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను. పోయిన ఎండాకాలం సెలవు పెట్టి వచ్చినప్పుడు ఒక రాత్రి కరెంటు పోతే మిద్దె మీద చాపలు పరుచుకున్నాం. లంకమల కొండల వైపు నుంచి గాలి తిరిగింది. నా ఫోనులో జానిస్ జాప్లిన్ కచేరీ పెట్టాను.

ఆమె ఎవరో తెలియని వాళ్ళకు నాలుగు మాటలు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, పోర్ట్ ఆర్థర్ అనే చమురు శుద్ధి కర్మాగారాల ఊళ్ళో 1943లో పుట్టింది. అమెరికా నల్లజాతి వాళ్ళు పాడుకున్న దిగులుపాటలను బ్లూస్ అంటారు. వాటిని రాక్ సంగీతపు హోరులోకి తెచ్చి, ఒంట్లో ఉన్నదంతా గొంతులో పెట్టి పాడింది. 1970 అక్టోబరు 4న పోయింది. అప్పటికి 27 ఏళ్ళు. ఆమె కచేరీల రికార్డులు ఏరి 1972లో 'ఇన్ కన్సర్ట్' పేరుతో రెండు ఎల్‌పీలుగా తెచ్చారు. మొదటి దాంట్లో ఎక్కువ భాగం 1968 నాటి పాటలు, రెండో దాంట్లో ఆమె చివరి ఏడాదివి.

ఆ రాత్రి మొదలైన వాదన మూడు రోజులు సాగింది. నా పక్షం నాకు ఎంత ఇష్టమైనా, మామ మాటల్లో పదును తగ్గించకుండా రాయడానికి ప్రయత్నించాను.

మామ: ఏం కష్టమొచ్చిందబ్బీ ఈమెకు?

నేను: పాట మామా. 'సమ్మర్‌టైమ్' అని, జోలపాట.

మామ: జోలపాట ఇంత దుఃఖంగా పాడతారా?

నేను: బిడ్డకు ధైర్యం చెప్పే తల్లికే ధైర్యం లేకపోతే ఎట్లుంటుందో అట్ల పాడింది.

మామ: సరే, దుఃఖముండాది, కాదనను. గొంతు బొంగురు. పైకి పోయే కొద్దీ రెండుగా చీలతాంది. వెనక గిటార్లు ఒకదానితో ఒకటి కలవలేదు. నాకు ఇంగ్లీషు రాకపోయినా అది తెలుస్తాంది.

నేను: ఆ బృందం పేరు బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ. వాళ్ళ వాయిద్యంలో పొందిక లేదని ఆ రోజుల్లోనే అన్నారు. 1968 ఆఖర్లో ఆమె వాళ్ళను వదిలి వేరే బృందం కట్టుకుంది. కానీ ఇది జనం ముందు జరిగింది మామా. స్టూడియోలో అయితే కలిసేదాకా పదిసార్లు వాయించి, బాగున్నది ఉంచి మిగతావి పారేస్తారు. ఇక్కడ తప్పు తప్పుగానే ఉంది. అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం.

మామ: నాకు తప్పులతో పేచీ లేదు. కాటిసీనులో హరిశ్చంద్రుని గొంతు పగలకపోతే జనం ఒప్పుకోరు. మన జిల్లా సురభిలో 1885లో కీచకవధ ఆడినోళ్ళ కాలం నుంచి, మైకు లేని రోజుల్లో, ఆ చివర గోనెపట్ట మీద కూర్చున్నోనికి వినపడాలనే ఎత్తు శ్రుతి పట్టుకున్నారు. ఆ ఎత్తులో గొంతు చీలడం మామూలే. నేననేది వేరే. ఈమె ఎవరి కోసం పాడతాండాది? ఆ పొద్దు ఆడ కూర్చున్నోళ్ళ కోసం. నేను ఈడ ఆహా అంటే ఆమెకు వినపడదు. వినపడనప్పుడు అది కచేరీ ఎట్లయితాది?

నేను: నీ బదులు అక్కడున్న వాళ్ళు అంటున్నారు కదా. విను, ఆ ఈలలు.

మామ: నా బదులు ఇంగొకడు అన్నం తింటే నా ఆకలి తీరతాదా? వన్స్‌మోర్ సంగతి చెప్తా విను. పద్యం అయిపోతానే ఎడమ పక్క నుంచి ఒకడు వన్స్‌మోర్ అంటాడు. పాడే మనిషి ఆ పక్కకు తిరుగుతాడు. రెండోసారి పాడేది మొదట పాడింది కాదు. మొదట గబగబా దించేసిన చోట ఈసారి నిలబడతాడు. వాడు ఏ మాటకు తల ఊపినాడో చూసి ఆ మాటనే మూడుసార్లు తిప్పుతాడు. నేను ఆయన భుజం కల్లే చూస్తాంటా. భుజం లేచిందంటే పైకి పోతాడని లెక్క. నా వేలు ముందే పై షడ్జమం మీద ఉండల్ల. ఇవన్నీ ఒకరినొకరు చూసుకుంటా చేసేవి. నీ ఫోనులో ఎవరు ఎవరిని చూస్తాండారు?

నేను: చూడలేం. వినగలం.

మామ: మా మాస్టారు ఉన్నాడే, బడిపంతులు, హరిశ్చంద్ర వేసేవాడు. 1986లో ఒక తిరునాళ్ళలో, కాటిసీను. రాత్రి రెండు దాటింది. పద్యం చివర రాగం ఎత్తుకున్నాడు, దించలేదు. దించలేదంటే దించలేదు. అంతసేపు ఆయన ఎప్పుడూ నిలపలేదు, తర్వాత గూడా నిలపలేదు. జనం ఊపిరి బిగబట్టినారు. పెట్రోమాక్స్ లైటు బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ పొద్దు ఆయన్ను ఏదో పూనింది. అట్లాంటిది టేపులో దొరకదు. ఎందుకు తెలుసునా? టేపు ఉండింది. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన టూ-ఇన్-వన్ తెచ్చింటే రికార్డు చేసినాం. తర్వాత విన్నాం. ఏమీ లేదు అందులో. పెట్టెలో పడేసినా.

టేపు ఉన్న సంగతి నాకు అదే వినడం. ఆ రాత్రి దాని గురించి ఇంకేం అడగలేదు. నా వాదన గెలవాలనే ధ్యాసలో ఉన్నాను.

నేను: ఆమెకూ ఒక వన్స్‌మోర్ కథ ఉంది మామా. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలో మాంటెరీ అనే చోట మూడు రోజుల సంగీత ఉత్సవం జరిగింది. శనివారం మధ్యాహ్నం పాడి జనాన్ని నిలువునా ఊపేసింది. కానీ వాళ్ళ మేనేజరు ఒప్పుకోకపోవడంతో కెమెరాలు తీయలేదు. ఇది సినిమాలో లేకపోతే ఎట్లా అని ఆదివారం సాయంత్రం మళ్ళీ పాడించారు. లోకం చూసింది ఆ రెండోదాన్నే.

మామ: మొదట జనం కోసం పాడింది, తర్వాత కెమెరా కోసం పాడింది. నువ్వు చూసింది కెమెరా కోసం పాడింది. నా మాటే నువ్వు చెప్తివి.

నేను: జనం అప్పుడూ ఉన్నారు మామా.

మామ: ఉండారు. వాళ్ళలో మొదటిరోజు విన్నోడు ఒకడుంటాడు. వాడు పోల్చుకుంటాంటాడు. ఆమెకూ తెలుసు.

దీనికి నాకు జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

మర్నాడు పొద్దున నాలుగు రోడ్ల దగ్గర టీ తాగుతూ మళ్ళీ ఎత్తుకున్నాం. నాకు ఇబ్బందయ్యే సంగతి ఒకటుంది. దాచి గెలవడం నాకు ఇష్టం లేక నేనే చెప్పాను.

నేను: 1968లో 'చీప్ థ్రిల్స్' అని వాళ్ళ ఎల్‌పీ వచ్చింది. వింటే కచేరీలాగా ఉంటుంది. ముందు నిజంగా కచేరీలోనే రికార్డు చేయబోయారు. వచ్చింది నచ్చక స్టూడియోలో పాడించి, జనం చప్పుడు మీద వేశారు.

మామ: లేని జనాన్ని తెచ్చి అతికించినారా?

నేను: అవును. అందులో 'బాల్ అండ్ చైన్' ఒక్కటే నిజంగా జనం ముందు పాడింది, శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో. ఒకటి చూడు మామా. పాట స్టూడియోలో బాగా వచ్చింది. అయినా ఆ కంపెనీవాళ్ళకు జనం లేకుండా చాలలేదు. వినేవాళ్ళ చప్పుడు లేకపోతే ఆమె పాట సగమే అని వాళ్ళకే అర్థమైంది.

మామ: అర్థమైనోడు పోయి జనంలో పాడించల్ల. చప్పుడు అతికించేది కాదు. పంట లేని మడిలో గడ్డిబొమ్మను నిలబెట్టి కాపలా అంటే ఎట్లుంటాదో అట్లుండాది నీ మాట.

నేను: సరే, అది వదిలెయ్. ఈ 'బాల్ అండ్ చైన్' పాట ఆమెది కాదు. బిగ్ మామా థార్న్‌టన్ అని నల్లజాతి గాయని, 1926లో అలబామాలో పుట్టింది. ఆమె రాసి పాడుకునేది. జానిస్ బృందం ఆమె పాడుతుంటే విని, పోయి అడిగి, సరేనన్నాక పాడారు.

మామ: అడిగి పాడినారు కాబట్టి మర్యాద తెలిసినోళ్ళే. మన మఠంలో తత్వాలు పాడేటోళ్ళు ఎవరినీ అడగరు. అడగాల్సిన పని లేదు, అవి అందరికీ ఇచ్చిపోయినవి. కడుపు కోసం పాడుకునే మనిషి పాటను మటుకు అడగల్ల.

నేను: ఇంకొకామె ఉంది. బెస్సీ స్మిత్. 1937లో కారు ప్రమాదంలో చచ్చిపోయింది. జానిస్ పుట్టింది 1943లో. ఒకరినొకరు చూసుకునే వీలే లేదు. కానీ బెస్సీ రికార్డులు విని విని జానిస్ పాట నేర్చుకుంది. బెస్సీ సమాధి మీద ముప్పై మూడేళ్ళు రాయి లేదు. 1970 ఆగస్టులో రాయి వేయించారు. ఖర్చులో జానిస్ తన వంతు ఇచ్చింది. రెండు నెలలు తిరక్కుండా తనూ పోయింది. ఇప్పుడు చెప్పు మామా, చచ్చిపోయిన మనిషి గొంతుకు ఈమె బదులు చెప్పలేదా? ఆహా అంటే వినపడదన్నావే, ముప్పై మూడేళ్ళకు రాయి వేయించడం ఆహా అనడం కాదా?

మామ చాలాసేపు గ్లాసు చేతిలోనే పెట్టుకున్నాడు. టీ చల్లారింది.

మామ: అది పెద్ద మాట. కాదనలేను. మాస్టారు గూడా గ్రామఫోను ప్లేట్లు వినే నేర్చుకున్నాడు. ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలు. మూడు నిమిషాల్లో పద్యం, రాగం అన్నీ అయిపోవల్ల. అందుకని ప్లేట్లలో రాగం కురచ. ప్లేటు విని పద్యం నేర్చుకున్నోడు రాగం ఎంతసేపు నిలపల్లనో స్టేజీ మీదే నేర్చుకున్నాడు. అబ్బీ, నీ బెస్సీవి గూడా ఆ మూడు నిమిషాల ప్లేట్లే గదా. అవి కచేరీ రికార్డులు కావు. నీ వాదనకు అవి రావు.

ఆయన చెప్పింది నిజం. జానిస్ చేతికి అందింది స్టూడియో ప్లేట్లే. నేను దెబ్బతిన్నాను. అయినా మామ మెత్తబడ్డాడని కనిపెట్టి, నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే సంగతి మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను.

నేను: ఆమె పోయేనాటికి ఒక ఎల్‌పీ తయారవుతోంది. 'పెర్ల్' అని. 1971 జనవరిలో వచ్చింది. అందులో ఒక పాటకు బృందం వాళ్ళు వాయించడం అయిపోయింది. ఆమె వచ్చి గొంతు కలపడమే మిగిలింది. ఆలోపే పోయింది. ఆ పాటను గొంతు లేకుండా అట్లే వేశారు.

మామ ముద్ద కలుపుతున్నవాడు ఆగాడు.

మామ: మనిషి లేకుండా వాయించినారా?

నేను: స్టూడియోలో అట్ల కుదురుతుంది మామా. ముందు వాయిద్యాలు, తర్వాత గొంతు. వేరే వేరే రోజుల్లో.

మామ: భుజం కనపడకుండా నేనెట్ల వాయించేది? ఆయన యాడ నిలబడతాడో, యాడ దించుతాడో తెలీకుండా? ముందే వాయించి పెట్టేస్తే పాడేటోడు నా వెనక పరిగెత్తల్ల. అది పక్కవాయిద్యం కాదు. (కాసేపాగి) గొంతు రాకముందు వాయించిన వాళ్ళు, ఆ టేపు తర్వాత ఎట్ల విన్నారో పాపం. పాడే మనిషికని ఖాళీ వదిలింటారు. ఆ ఖాళీ అట్లే వినపడతాంటాది.

ఆ పాట నేను ఎన్నోసార్లు విన్నాను. ఖాళీ వదిలి ఉంటారన్న సంగతి ఎప్పుడూ తట్టలేదు. హార్మోనియం వాయించిన మనిషికి తట్టింది. మూడో రోజు సాయంత్రం నేనే టేపు సంగతి ఎత్తాను.

మామ వద్దన్నాడు. అత్త మాత్రం అటకెక్కించిన రేకుపెట్టె దింపించింది. సి-90 క్యాసెట్టు, ఒక పక్క నలభై ఐదు నిమిషాలు. మీద రాసిన పేరు చెమ్మకు అలికిపోయింది. పాత టూ-ఇన్-వన్ ఒకటి పక్కింటి వాళ్ళ దగ్గర దొరికింది. బ్యాటరీలు వేశాం.

మామ: శ్రుతి దిగింది. అర మెట్టు.

నేను: లోపల రబ్బరు బెల్టు సాగింది మామా, నిదానంగా తిరుగుతోంది.

మామ: చూడు, మాస్టారు యాడో దూరంగా ఉండాడు. అంతా నా పెట్టె చప్పుడే. ఇందుకే అన్నా, ఇందులో ఏమీ లేదని.

నేను: టేపురికార్డరు ఎక్కడ పెట్టారు?

మామ: నా హార్మోనియం మీదే. ఆ కువైట్ ఆయన, లైటు ఈడుండాది, బటన్లు కనపడతాయని ఈడ పెట్టినాడు.

కాటిసీను వచ్చింది. మాస్టారు గొంతు పెంచినప్పుడల్లా టేపులో గొంతు చిన్నదవుతోంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, జనరేటరు మోత, కీచురాళ్ళు, ఎవరో బిడ్డను సముదాయించే మాట, అన్నీ పైకి లేస్తున్నాయి.

మామ: ఇది గమనించినావా? ఆ రాత్రి ఏది పెద్దగా ఉండిందో ఇందులో అది చిన్నగుండాది. ఏది వినపడలేదో అది వినపడతాంది. అంతా తలకిందులు.

నేను: ఆ కాలం టేపురికార్డర్లు అంతే మామా. చప్పుడు ఎక్కువైతే వాటంతటవే తగ్గిస్తాయి, తగ్గితే పెంచుతాయి. అందుకే ఆయన ఆగినప్పుడల్లా జనం దగ్గరికి వచ్చేస్తున్నారు. నాకు కావలసింది అదే. నేను ఆ రాత్రి లేను, నువ్వున్నావు. నాకు జనం వినపడుతున్నారు.

మామ: నీకు జనం కావల్ల. నాకు మాస్టారు కావల్ల.

అప్పుడు వచ్చింది ఆ రాగం. గొంతు పై షడ్జమానికి పోయి నిలబడింది. మామ కళ్ళు మూసుకున్నాడు. నేను చెవి యంత్రానికి దగ్గరగా పెట్టాను. గొంతు వెనకెక్కడో సన్నగా, తెగని దారంలా ఉంది. ముందు మాత్రం, చెవికి ఆనించినట్టు, హార్మోనియం మెట్ల మీద గోళ్ళ చప్పుడు. టక్. టక్టక్. తిత్తి బుస. ఒక స్వరం తప్పు పలికి ఆగింది. మళ్ళీ గోళ్ళు. పక్క మెట్టు మీద ఇంకో తప్పు స్వరం, వెంటనే ఆగింది. గొంతు నిలిచే ఉంది. మళ్ళీ గోళ్ళు. అప్పుడు పై షడ్జమం పలికింది, గొంతులో కలిసిపోయింది. కలిసిన మరుక్షణం మాస్టారు రాగం దించేశాడు. జనం ఒక్కసారిగా లేచారు, ఈలలు, వన్స్‌మోర్ అని అరుపులు. టేపు ఆ చప్పుడును నొక్కేసి చిన్నది చేసింది.

నేనేమీ అనలేదు. మామ కళ్ళు తెరిచాడు.

మామ: ఆపు.

ఆపాను.

మామ: ఆ పొద్దు మెట్టు ఇరుక్కుంది. పై షడ్జమం మెట్టు. తిరునాళ్ళ దుమ్ము. నొక్కితే దిగలేదు. గోటితో ఎత్తి, మళ్ళీ నొక్కి... నాకు బాగా గుర్తుండాది. ఎవరూ గమనించలేదనుకున్నా. ఆయన పాడతాండాడు, జనం ఆయన్నే చూస్తాండారు, బతికిపోయినా అనుకున్నా.

నేను: మామా...

మామ: ఆయన్ను ఏదో పూనిందని ముప్పై ఏండ్లు అందరికీ చెప్పినా. నీకు గూడా మొన్న చెప్పినా. నా కోసం నిలబడినాడు. నేను శ్రుతి అందుకునేదాకా దించకుండా నిలబడినాడు. దించింటే నేను తప్పినట్టు ఊరంతా తెలిసిపోతాండె.

నేను: ఆయన తర్వాత ఏమీ అనలేదా?

మామ: తెల్లారి ఫస్టు బస్సుకు ఇద్దరం వచ్చినాం. నా పక్కనే కూర్చున్నాడు. పెట్టె ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు, సీటు కింద పెడితే దుమ్ము పడతాదని. ఒక్క మాట అనలేదు.

అత్త వచ్చి దీపం పెట్టింది. కింద రోడ్డు మీద నెల్లూరు పోయే బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

మామ: వెనక్కి తిప్పు.

బటను నొక్కితే చక్రం తిరగలేదు. క్యాసెట్టు బయటికి తీసి, పళ్ళున్న రంధ్రంలో పెన్సిలు దూర్చి, మామ ఇంక చాలనేదాకా తిప్పుతూ కూర్చున్నాను.